బొమ్మకు వేసిన చీకటి

“సార్, నీడ ఎటెయ్యాలె?”

మా ఆఫీసులో బొమ్మలు వేసే అమ్మాయి ఈ మాట అడిగినప్పుడు పొద్దున పదకొండు దాటింది. నేను పెద్దపల్లి నుంచి వచ్చిన ఇంకో వార్త దిద్దుతున్నాను. తల ఎత్తలేదు.

“ఏం నీడ బిడ్డా?”

“వడ్ల కుప్పది, బండిది, పక్కకు నిలబడ్డ ఆమెది. ఎండ ఎటుంటె దానికి అవతలి దిక్కు నీడ పడాలె గద. యాక్సిడెంట్ ఎన్నింటికైంది సార్?”

ఆ ప్రమాదం గురించి విలేకరి పంపిన కాపీలో ‘శుక్రవారం’ అని మాత్రమే ఉంది. సుల్తానాబాద్ విలేకరికి ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోయేది. ఫోన్ నా మోచేతి పక్కనే ఉంది.

“వడ్ల కుప్పకు బండ్లు గుద్దుకునేది చీకట్లనే గద. రాత్రి చెయ్యి. హెడ్‌లైట్ వెలుగు పెట్టు, మంచిగుంటది.”

“రాత్రేనా సార్, పక్కానా?”

“పక్కా,” అన్నాను.

ఆ ఒక్క మాట గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఒక దినపత్రికలో పనిచేస్తాను. రిటైరయ్యే వయసు దాటింది. ఏడాదికేడాది పొడిగింపు మీద నడుస్తున్నాను. ఎక్కువ కాలం డెస్కులోనే గడిచింది. మండలాల నుంచి విలేకరులు పంపే వార్తలు దిద్ది, హెడ్డింగు పెట్టి, పేజీలోకి తోయడం పని. కొన్నేళ్ల కిందట మా పత్రిక ఫోన్లలో చూసే వీడియోలు మొదలుపెట్టింది. ఎక్కడో ప్రమాదం జరిగితే జరిగిన తర్వాతి ఫొటోలే మనకు దొరుకుతాయి, జరుగుతున్నది దొరకదు. అందుకని జరిగిన తీరును బొమ్మలతో చూపించే నిమిషం వీడియోలు చెయ్యమని పైనుంచి చెప్పారు. కథ నేను రాయాలి, బొమ్మలు ఆ అమ్మాయి వెయ్యాలి.

ఆమెది ఆదిలాబాద్ దగ్గర ఊరు, మెథడిస్టు కుటుంబం. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకానికి వెనక తెర తనే వేసేదట. ఒకసారి పశువుల పాకలో దీపం పెట్టి, ఆ వెలుగు గొర్రెల వీపుల మీద పడ్డట్టు పసుపు రంగు పూసిందట. “మా పాస్టరయ్య నవ్విండు సార్. ఏందే, గొర్రెలకు పసుపు రాసి పెండ్లి చేస్తున్నవా అన్నడు.”

కంప్యూటర్‌లో ఆమె చేసే మనుషులు అట్టబొమ్మల్లాంటి వాళ్లు. చెయ్యి వేరు, కాలు వేరు, తల వేరు. కీళ్ల దగ్గర కలిపి కదిలిస్తుంది. అంతా చదును, ఎక్కడా మందం ఉండదు. ఆ చదును బొమ్మ మనిషిగా మారేది చివర్లో, వెలుగునీడలు వేసినప్పుడే. “నీడ లేకుంటె మనిషి గాల్ల తేలుతడు సార్, కాళ్ల కింద జర నల్లగ పెడితె నేలకు దిగుతడు,” అనేది. బొమ్మ ఆకారాన్నే ఇంకొకటి తీసి, నలుపు నింపి, నేల మీద పడుకోబెట్టి, అంచులు మసకచేసేది. పాదాల దగ్గర చిక్కన, దూరం పోయేకొద్దీ పలచన. ఆ తర్వాత మొహానికి వెలుగు వైపు కొంచెం పసుపు, అవతలి చెంపకు నీలం కలిసిన నలుపు. నేను టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి చూసేవాణ్ణి. మొదట్లో అదంతా ముచ్చటగా ఉండేది. రోజూ చేయాల్సి వచ్చేసరికి ఆమె ప్రశ్నలు చాదస్తమనిపించాయి. మొగులు పట్టి ఉండెనా? వీధి దీపం ఏ పక్కకు? ఆయన ఎండకు ఎదురుగ నడుస్తున్నడా, వీపు పెట్టి నడుస్తున్నడా?

అక్షరాలతో పనిచేసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. తెలియనిది ఎదురైతే ‘వివరాలు తెలియాల్సి ఉంది’ అని రాసి లేచిపోతాం. ఎవరూ తప్పు పట్టరు. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. నీడతో ఆ పని కుదరదు. అది ఎటో ఒకవైపు పడాలి. పొట్టిదో పొడుగుదో కావాలి. బొమ్మ వేసే మనిషి టైమ్ అడిగి తీరుతుంది. నిజానికి ఆమె అడిగినవన్నీ నేను విలేకరులను అడగాల్సిన ప్రశ్నలే.

ఆ రోజు వార్త ఇది. సుల్తానాబాద్ అవతల ఒక ఊరి రోడ్డు మీద, ఓ మహిళా రైతు ఆరబోసుకున్న వడ్ల వద్ద బైక్ అదుపు తప్పి, ముప్పై దాటిన ఒక ట్రాక్టర్ మెకానిక్ తలకు పెద్ద దెబ్బ తగిలింది. కరీంనగర్ ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

మా వైపు కోతల కాలంలో రోడ్ల సంగతి అందరికీ తెలిసిందే. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని వెనక్కి పంపితే రైతుకు తారురోడ్డే కళ్లం. సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. బండ్లు తొక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. పొద్దుగూకాక వడ్లు కుప్ప చేసి నల్ల పరదా కప్పుతారు. చీకట్లో ఆ నల్ల కుప్ప కనిపించక బండ్లు ఎక్కి పడిపోవడం ఏటా రాసే వార్త. ఏటా రాసింది కాబట్టి ఇదీ అదే అనుకున్నాను. కాపీలో ‘వడ్ల వద్ద’ అని ఉంటే, బొమ్మల కథలో ‘కుప్ప’ అని రాసింది నేను. పరదా కప్పించింది నేను. కుప్ప ఒక్కటే ఉంటే బోసిగా ఉందని పక్కన ఆడమనిషిని నిలబెట్టించింది కూడా నేనే.

అమ్మాయి తన పని బాగా చేసింది. నీలి చీకటి. దూరం నుంచి బైక్ లైటు విచ్చుకుంటూ వస్తుంది. ఆడమనిషి నీడ పడడానికి ఏదైనా కావాలని వెనక ఒక తెల్లగోడ వేసింది. లైటు దగ్గరికొచ్చేకొద్దీ గోడ మీద నీడ పెరుగుతుంది. బండి కుప్పకు తగిలే క్షణానికి ఆ నీడ కుప్పకన్నా ఎత్తుగా లేస్తుంది. మొహం సగమే వెలుగులో ఉంటుంది. ఆమె కదలదు, కదిలించడానికి టైమ్ చాలలేదు.

“మస్తుగొచ్చింది బిడ్డా,” అన్నాను. మధ్యాహ్నం రెండుకల్లా వీడియో బయటికి వదిలాం. మూలన చిన్నగా ‘ఊహాచిత్రం’ అని వేశాం. సాయంత్రానికి మా ఇంటి కింద కిరాణా కొట్టాయన దాన్ని నాకే చూపించాడు.

పది రోజుల తర్వాత ఇద్దరు ఆడవాళ్లు ఆఫీసుకొచ్చారు. ముందు వచ్చినావిడ అత్త. వెనక వచ్చినావిడ కోడలు, వడ్లు ఆమెవే.

“గీ బొమ్మలేసే సారు ఎవలు?” అంది అత్త, గుమ్మంలోంచే.

“నేనే అవ్వా, చెప్పు.”

“నువ్వేనా? మా కోడలు మొఖం గంత నల్లగ జేసినవేంది నాయినా? పెండ్లికి ముందు సూసుకునే తెచ్చుకున్నం, గింత నలుపు లేకుండె. జర పౌడరన్న రాయకపోతివి.”

డెస్కులో ఎవరో నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. కోడలు నవ్వలేదు. ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది.

“సారూ, గిది అయినప్పుడు ఎండ కొడుతుండె.”

“ఎన్నింటికైందమ్మా?”

“నాలుగున్నర గూడ కాలే. కుప్ప ఏడిది, పరదా ఏడిది? వడ్లు పల్చగ పరిచి ఉండె. నేను కాళ్లతోటి తిరగేసుకుంట పోతున్న. బండి సప్పుడు ఇని తిరిగి సూసేసరికి ఆయిన వడ్లల్లకు ఎక్కిండు, జారిండు. తల పోయి రాయికి తాకింది. రాయి నేను పెట్టిందే, లేదంటలేను. గని చీకటి లేకుండె సారూ.”

ఆమె ఫోన్‌లో నిలబడ్డ బొమ్మ మీద వేలు పెట్టింది.

“నిలబడి సూసినట్టు జేసిన్రు నన్ను. నేను ఉరికిన. కొంగు చింపి తలకు కట్టిన. అంబులెన్స్‌కు నేనే ఫోన్ చేసిన. అది వచ్చేదాంక ఆయిన తల నా ఒళ్లెనే ఉండె.”

మెకానిక్ వాళ్ల అన్న పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడని కోడలు అప్పుడు చెప్పింది. పొద్దుగూకాక దీపం లేకుండా రోడ్డు మీద నల్ల కుప్ప పెట్టిందని అందులో ఉందట. ఆమె మీద కేసు రాశారు. పట్టపగలైతే రోడ్డు మీద వడ్లు ఎవరికైనా కనబడతాయి, తప్పు ఎవరిదెంత అని మాట్లాడుకోవచ్చు. చీకట్లో అయితే తప్పంతా ఆమెదే. ఫిర్యాదు మా వీడియో వచ్చిన తర్వాతది.

“మస్కట్‌ల మా ఆయన రూమోళ్లకు గూడ పోయిందట గీ బొమ్మ,” అంది. “ఫోన్ చేసి, పొద్దుగూకినంక రోడ్డు మీద ఏం పనే నీకు అంటుండు. ఎండ ఉండెనయ్యా అంటె ఇనడు. నాకు చెప్తవా, కండ్లార సూసిన అంటుండు.”

“మస్కట్‌ల ఉండి కండ్లార సూసిండట!” అత్త అందుకుంది. “ఇల్లు కారుతుందిరా అంటె గాడికెల్లి ఒక్కనాడు సూడలే నా కొడుకు. గిది మాత్రం సూసిండు.”

కోడలు లేస్తూ ఒక్కటే అడిగింది. “చీకటి జేసింది మీరు గద. స్టేషన్ల మీరే చెప్పున్రి.”

చెప్తానన్నాను. వాళ్లు మెట్లు దిగాక చూస్తే బొమ్మలమ్మాయి నా కుర్చీ వెనకే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

“నేను అడిగిన గద సార్,” అంది.

“అడిగినవ్ బిడ్డా.”

వెంటనే సుల్తానాబాద్ విలేకరికి ఫోన్ చేశాను, పది రోజుల కింద చెయ్యాల్సిన ఫోన్. “నాలుగున్నర గట్లయింది సార్. కాపీల రాయలేనా? మర్చిపోయినట్టున్న,” అన్నాడు. నన్ను ఓదార్చాలనుకున్నాడో ఏమో, “అయినా చీకటి మంచిగ కుదిరింది సార్, మా మండలంల చూడనోడు లేడు,” అన్నాడు.

మర్నాడు ఆ ఊరికి వెళ్లాను. పోలీసులకు సాక్ష్యం చెప్పినవాళ్లలో రోడ్డు పక్క టీ హోటలాయన ఒకడని తెలిసింది. ప్రమాదం జరిగిన చోటు ఆయన హోటల్‌కు కూతవేటు దూరం. టీ చెప్పి, ఆ రోజు ఏం చూశావన్నా అని అడిగాను.

“సూసుడేంది సార్, నా కండ్ల ముందటనే అయింది. చీకటి పడ్డది. బండి లైటు కుప్ప మీద పడ్డది. ఆమె గాడ నిలబడ్డది. ఆమె నీడ గింత పెద్దగ గోడ మీద పడ్డది.” రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. బయటికి చూశాను. రోడ్డుకు ఇటు కోసిన పొలం, అటు కోసిన పొలం. కనుచూపు మేర గోడ లేదు.

“గోడ ఏడున్నదన్నా?”

“గాడ…” అని చెయ్యి చాపాడు. చెయ్యి కాసేపు గాల్లోనే ఆగింది. “ఉండె సార్. ఉన్నట్టే యాదికున్నది.”

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అంబులెన్స్ మోతకు ఉరికినవాళ్లలో ఆయనా ఉన్నాడు. బండి తీసి, వడ్లెత్తి, జనం కదిలేసరికి నిజంగానే చీకటి పడింది. ఆ చీకటికి మా లైటు, మా గోడ, మా నీడ వచ్చి అతుక్కున్నాయి. ఏది తనదో ఏది మాదో ఆయనకు విడిగా కనిపించడం లేదు. అది మా బొమ్మలోని గోడ అని మెల్లగా చెప్పి చూశాను. ఆయనకు కోపం వచ్చింది.

“నీ పేపర్ల వచ్చిందే నేను చెప్తుంటె నన్నే అడ్డం అడుగుతవేంది సార్? గట్లయితె ఎందుకేసిన్రు మరి?”

టీ డబ్బులిచ్చి లేచాను.

వీడియో తీసేశాం. సవరణ నోట్ నేనే రాశాను. చేతికి అలవాటైన వాక్యం పడిపోయింది: ‘గ్రాఫిక్స్‌లో దొర్లిన పొరపాటుకు చింతిస్తున్నాం.’ అమ్మాయి అది స్క్రీన్ మీద చదివింది. “గ్రాఫిక్స్ అంటె నేనే గద సార్?” అంది. గొంతులో కోపం లేదు. అర్థం కానిది అడిగినట్టు అడిగింది. ఆ సాయంత్రమే నోట్ మార్చి, సమయం తప్పు చెప్పింది డెస్కు అని రాశాను. అప్పటికే మొదటిది చదివినవాళ్లు చదివేశారు. మా ఇన్‌చార్జి ఆమెను పిలిచి, జాగ్రత్తగా ఉండమ్మా అని చెప్పాడట. ఆయన దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. “ఎవరిదైతే ఏముంది లెండి,” అన్నాడు. ఆ మాటతో నా మనసు తేలికపడింది, ఆమెది పడి ఉండదు.

కొత్త వీడియో చెయ్యాలంటే చోటు చూడాలంది అమ్మాయి. నాలుగున్నరకు అక్కడుండేట్టు ఇద్దరం వెళ్లాం. మెకానిక్ వచ్చిన వైపు నుంచి ఆమె రోడ్డు మీద నడుస్తూ వచ్చింది. నేను వడ్లు పరిచిన చోట నిలబడ్డాను. రెండు పక్కలా ఇంకెవరివో వడ్లు ఆరుతున్నాయి. ఆ రోడ్డు అక్కడ తిన్నగా పడమటికి సాగుతుంది. కొంత దూరం వచ్చి ఆమె ఆగిపోయింది, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“సార్, మీరు ఏడున్నరు?”

“గీడనే బిడ్డా, నీ ముందట.”

“నాకు ఏం కనవడ్తలేదు సార్. పొద్దు సీదా కండ్లల్లనే కొడుతున్నది.”

నేను ఆమె దగ్గరికి వెళ్లి అటు తిరిగి చూశాను. తారు మెరుస్తోంది. వడ్లు అదే మెరుపులో కలిసిపోయాయి. ఎక్కడ రోడ్డు అయిపోయి ఎక్కడ వడ్లు మొదలయ్యాయో చెప్పడం కష్టం. మా నీడలు మా వెనక పొడుగ్గా పడి ఉన్నాయి. ఆ రోజు మెకానిక్ కళ్లలో ఇదే ఎండ పడిందేమో. పడలేదేమో. వడ్లను చూసీ పక్క నుంచి పోదామనుకున్నాడేమో. ఏదైనా సరే, ఆ శుక్రవారం ఈ దారిలో ఏముందని అడగడానికి దారి చూపించిన ప్రశ్న ఒక్కటే, నీడ ఎటెయ్యాలె అన్నది. నేను దాని నోరు మూయించి పంపేశాను.

ఆమె రెండు రోజులు కూర్చుని కొత్త బొమ్మ చేసింది. పల్చగా పరిచిన వడ్లు, ఎదురెండ, వెనక్కి పడే నీడలు. ఈసారి ఆడమనిషి పరుగెత్తుతుంది, కూలబడి తల ఒళ్లో పెట్టుకుంటుంది. నా కంటికి మొదటిదానికన్నా ఇదే మంచి పని. దాన్ని ఎవరూ పంచుకోలేదు. అత్త ఫోన్ చేసింది. “గీసారి మంచిగ తెల్లగ జేసిన్రు సారూ. గని మా వాడకట్టుల ఎవలు సూస్తలేరు. నల్లదే సూస్తున్నరు.” కొడుకు సంగతి అడిగాను. “రెండూ సూసిండు. ఇది మీరు పోయి జేపిచ్చుకున్నరు అంటుండు,” అంది.

మొదటి వీడియోలోని టైమ్, కుప్ప, గోడ, ఆడమనిషి నిలబడడం అన్నీ నా ఊహేనని కాగితం మీద రాసి, సంతకం పెట్టి స్టేషన్‌కు తీసుకెళ్లాను. అక్కడ కేసుల కాగితాలు రాసే రైటర్ మర్యాదగానే కుర్చీ వేశాడు. కాగితం చదివి, “బొమ్మల వీడియో సాక్ష్యం గాదు గద సార్. దాని మీద కేసు నడవది. మీరెందుకు పరేషానైతున్నరు?” అన్నాడు. సాక్షులు దాన్ని చూసే చెప్తున్నారని అన్నాను. “సాక్షులు సాక్షులే సార్,” అని కాగితాన్ని ఒక ఫైల్లో పెట్టాడు. రసీదు అడిగితే అవసరం లేదన్నాడు.

మెకానిక్ బతికాడు. నడుస్తున్నాడు, మాట వచ్చింది. ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ఆయన నులక మంచం మీద కూర్చుని నన్ను ఎవరో డాక్టరనుకుని చెయ్యి చాపాడు. ఆ రోజు పొద్దున సుల్తానాబాద్‌లో ఒక ట్రాక్టర్ బాగుచేసింది గుర్తుంది, తర్వాతది లేదు. ఎండ కళ్లలో పడిందా అని అడిగాను. మెకానిక్ పక్కనున్న తన అన్న వైపు చూశాడు.

“మావోనికి యాదికి లేదు సార్,” అన్నాడు అన్న. “దవాఖానల తెలివికొచ్చి నాకేమైంది అని అడిగిండు. గప్పుడు ఫోన్ల మీ బొమ్మ చూపెట్టిన. చూసి, ఔ, గట్లనే అయి ఉంటది అన్నడు.”

అది తప్పు బొమ్మ అని వాళ్లిద్దరికీ వివరంగా చెప్పాను. కొత్తది చూపించాను. మెకానిక్ రెండూ ఓపిగ్గా చూశాడు. ఏది తనదో ఎంచుకోలేనట్టు ఫోన్ అన్నకిచ్చేశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన తలకు పడిన కుట్లు నా ఎదురుగానే ఉన్నాయి.

ఆ ఊరు వెళ్లినప్పుడల్లా కోడలి ఇంటికి వెళ్తున్నాను. ఆమె నన్ను తిట్టదు. కుర్చీ వేసి, “స్టేషన్ల ఏమన్నరు సారూ?” అని అడుగుతుంది. రెండుసార్లు స్టేషన్‌కు వెళ్లి నా కాగితం సంగతి అడిగాను. కేసు కాగితాల్లో కలిపామనీ అనలేదు, కలపలేదనీ అనలేదు. ఛార్జిషీటు ఇంకా వెయ్యలేదు. అందులో ప్రమాదం జరిగిన సమయం అన్న చోట ఏం రాస్తారో ఇవాళ్టికీ తేలలేదు.